తుళునాటి యక్షగానము

యక్షగాన మను మాట చెవిఁ బడఁగానే మన పండితులకుఁ గందుకూరి రుద్రకవియు, సుగ్రీవవిజయమును, తంజావూరి విజయరాఘవనాయకుని యాస్థానమును జ్ఞప్తికి వచ్చును. పడమటి కడలి యొడ్డున నివసించు తుళువులకో, యక్షగాన మనఁగా గ్రంథము గాదు. కోఁత ముగిసిన పొలములో దీపము లెత్తి, తెల్లవాఱువఱకు నాడెడి యాట. వారి వాడుకలో దాని పేరును "ఆట"యే. ఒక్క పేరు రెండు నాడులలో నింత వేర్వేఱు వస్తువులకుఁ జెల్లుట యెట్లు తటస్థించెను? మనదే మూలము, వారిది శాఖ యని మనవారిలోఁ గొందఱును, అది తమ గడ్డపైఁ బుట్టినదే యని కన్నడపండితులలోఁ గొందఱును జెప్పుచు వచ్చిరి. ఈ వాదమునఁ దమ తాళపత్రములను ద్రిప్పి చూచుకొనుటయే కాని, యెదుటివారి రంగమును జూచి మాటాడుట తక్కువ. ఆ లోపమును గొంత తీర్పఁదలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

తుళునాడనఁగా నేఁటి కర్ణాటకములోని దక్షిణకన్నడ, ఉడుపి మండలములును, కేరళములోని కాసరగోడు మండలమున ఉత్తరభాగమును. విజయనగరప్రభువుల కాలమున నిది బారకూరు, మంగళూరు అను రెండు రాజ్యములుగాఁ బాలింపఁబడెను. పిదపఁ గెళది నాయకుల యధీనమై, 1763లో హైదరాలీకిని, 1799లో నింగ్లీషువారికిని వశమయ్యెను. ఆంధ్రరాష్ట్రము వేఱుపడిన 1953 వఱకు మనమును వారును మదరాసు ప్రభుత్వమునకే పన్నులు గట్టితిమి. 1956లో నా మండలము మైసూరు రాష్ట్రమునఁ జేరెను, కాసరగోడు మాత్రము కేరళము పాలయ్యెను. శ్రీకృష్ణదేవరాయలు తుళువవంశజుఁ డనియు, ఆముక్తమాల్యదను దెలుఁగున రచించె ననియు నెల్లరు నెఱుఁగుదురు. దీనిని బట్టి రాయల మూలముననే యక్షగానము తుళునాఁటికిఁ జేరె నని యూహింపవలె నన్న కోరిక కొందఱికిఁ బుట్టవచ్చును. రాజుల వంశనామము వేఱు, పల్లెవారి యాట వేఱు. ఇట్టి యూహ ప్రమాణము గాఁజాలదు.

కాలనిర్ణయమునకుఁ బనికివచ్చు నాధారములను ముందుగాఁ జూతము. మనలోఁ బదునైదవ శతాబ్ది వాఁడైన శ్రీనాథుని భీమేశ్వరపురాణమున యక్షగాన మను మాట కానవచ్చుచున్నది. క్రీడాభిరామమున జక్కుల పురంధ్రి పాట వర్ణింపఁబడినది. జక్కు శబ్దము యక్ష శబ్దభవము గనుక, జక్కులవారి పాటయే యక్షగాన మను మతము మనలోఁ జిరకాలముగాఁ బ్రచారమున నున్నది. దొరకిన గ్రంథములలోఁ దొలిదిగా నెన్నఁబడు సుగ్రీవవిజయము పదాఱవ శతాబ్దిలోనిది. 1656లోఁ బుట్టిన యప్పకవీయము యక్షగానమునకు లక్షణము చెప్పినది. అవతలి వైపున, బళ్లారి మండలములోని కురుగోడు శాసన మొకటి 1556లోఁ దాళమద్దెలవారికి భూదాన మిచ్చిన విషయమును దెలుపుచున్నదని కన్నడపరిశోధకులు చూపుదురు. బ్రహ్మావర ప్రాంతమువాఁడగు అజపుర విష్ణువు రచించిన విరాటపర్వపు తాళపత్రప్రతి 1564 నాఁటిదని శివరామ కారంతు గారు ప్రకటించిరి.

ఈ సంవత్సరములను ప్రక్కప్రక్కనఁ బెట్టి చూచిన నెవరు ముందన్న ప్రశ్నకు నంత బలము లేదని తోఁచును. రెండువైపుల గ్రంథములును నించుమించుగా నొక్క తరములోఁ గానవచ్చుచున్నవి. అంతకంటె గమనింపఁదగినది కురుగోడు ఉన్న తావు. అది తుళునాఁట లేదు; తెలుఁగును గన్నడమును నొక్క వీధిలో వినవచ్చు బళ్లారి సీమలో నున్నది. పేరును, పాటల మట్టులును నొక భాషవారినుండి వేఱొక భాషవారికిఁ జేరుటకు రాజాజ్ఞ యక్కఱలేదు. అట్టి సీమలోని యొక గుడి చాలును.

ఇంక ఛందస్సు. మన యక్షగానములలో రగడలనుండి విఱిచి తీసిన త్రిపుట, జంపె, ఏక, అట తాళముల రేకులును, ద్విపదయు, ఏలలు, ధవళములు, అర్ధచంద్రికలును గలవు. తుళునాఁటి ప్రసంగములలోనుఁ ద్రిపుట, ఝంపె, ఏక, అష్ట, రూపక తాళములకుఁ గట్టిన పాటలే ప్రధానము. తాళమునకుఁ గట్టిన యా పాటనే వారు "పద్య" మందురు, మన పద్యమని భ్రమపడరాదు. కందములు, వృత్తములు, ద్విపదులు నడుమనడుమ వచ్చును. కన్నడకావ్యములలో ద్విపదికి, మన పాలుకురికి సోమనాథుఁడు, రంగనాథరామాయణకర్త మొదలగువారివలనఁ దెలుఁగున లభించినంత గౌరవము లేదు. అట్టి ద్విపద యక్కడి ప్రసంగములలో మాటిమాటికిఁ గానవచ్చుట తెలుఁగు సంపర్కమునకుఁ జిహ్నమని చెప్పవచ్చును. అయితే కథ వేగముగా నడువవలసిన చోట, మనవారు సీసమునో గీతమునో వాడెడు తావులలో, వారు భామినీషట్పదిని, వార్ధకషట్పదిని వాడుదురు. మొదటిది కుమారవ్యాసుని భారతమునకును, రెండవది లక్ష్మీశుని జైమినిభారతమునకును బ్రాణము. కాఁగాఁ బాట కట్టుబడిలోఁ గొంత మనకును వారికిని సమానము, కథనపుఁగట్టుబడి శుద్ధ కన్నడము.

ఇంతవఱకు గ్రంథమును బట్టి చెప్పినది. రంగము మాట వేఱు.

తుళునాఁటి యాటలలో "తెంకుతిట్టు", "బడగుతిట్టు" అను రెండు తెగలు గలవు. ఇందుఁ దిట్టు అనఁగా మన తిట్టు గాదు. బాణి, మర్యాద యని యర్థము. తెంకు దక్షిణము, బడగు ఉత్తరము. బడగుతిట్టు ఉడుపికి నుత్తరమునఁ గుందాపురాది కన్నడము మాటాడు తావులలో బలముగా నున్నది. తుళువులదిగాఁ జెప్పఁదగినది ముఖ్యముగాఁ దెంకుతిట్టు. కటీలు దుర్గాపరమేశ్వరి గుడికిని, ధర్మస్థలమునకును సొంత మేళము లున్నవి. మ్రొక్కు గలవారు గుడికి సొమ్ము కట్టి తమ యింటిముందు నాట నాడింతురు. కటీలు మేళపు మ్రొక్కుల యాటలకు నేండ్లకొలఁది వంతు కాచుకొనవలసి యుండును. దీపావళి దాఁటినపిదప మేళములు బయలుదేఱి, తుళువుల "బేశ" మాసమునఁ బదవనాఁ డగు పత్తనాజె వఱకు, అనఁగా మే నెల నాల్గవ వారము వఱకు, ఊరూరఁ దిరుగుచుండును.

సందెవేళ వాద్యములు మ్రోగించి యాట కలదని యూరివారికిఁ దెలుపుదురు. వేషములు దిద్దుకొను పందిరికిఁ "చౌకి" యని పేరు. అచ్చట వినాయకునికిఁ బూజ చేసిన పిదపనే రంగమునకు వత్తురు. మొదట బాలురు కోడంగివేషముతోను, బాలగోపాలవేషముతోను నాడుదురు. తరువాత స్త్రీవేషములు వచ్చును. ఆట నేర్చుకొనువానికి బడి యిదియే. ఆ తరువాతనే ప్రసంగము. రంగమున వెనుక వైపు నిలిచినవారు "హిమ్మేళము": జాగటె చేతఁ బట్టిన భాగవతుఁడు, మద్దెలకాఁడు, చెండెకాఁడు, చక్రతాళమువాఁడు. ముందాడువారు "ముమ్మేళము". చెండె మలయాళదేశపుఁ జెండయే. దాని మ్రోఁత మైళ్లదూరము వినఁబడును. రాక్షసులకు వేయు "బణ్ణదవేష"మునకు బియ్యపుఁబిండి ముద్దను సున్నముతోఁ గలిపి ముఖముపైఁ జుక్కచుక్కగా నంటించుటకే గంటలు పట్టును. దేవీమాహాత్మ్యమున మహిషాసురుఁడు రంగపుఁ దెరవెనుకనుండి రాఁడు. చూపరుల నడుమనుండి దివిటీలతో, మంటలు చిమ్మించుకొనుచు వచ్చును. నిద్దురపోవు పిల్లలందఱు నా క్షణమున మేల్కొందురు.

ఈ వేషమున కాధార మేది? మన కూచిపూడివారి యాహార్యములో దీనికి సాటి లేదు. ఒకవైపున మలయాళుల కథకళికిని దీనికిని బోలిక కలదు. కొట్టారక్కర తంపురాన్ రచించిన రామనాట్టమునకును, కుంబళె సీమకవి పార్తి సుబ్బని రామాయణప్రసంగములకును గొన్ని పట్టుల నొక్క పోలిక కనఁబడుట వలన, నెవరి నెవ రనుసరించి రను వివాదము పుట్టి యిప్పటికిని దీఱలేదు. వేఱొకవైపున, తుళువుల యిలువేల్పులగు భూతముల "కోల" యున్నది. అందుఁ బంబద, పరవ, నలికె కులములవారు పెద్ద యణిని వీఁపునఁ గట్టుకొని, కాళ్ల గగ్గరము మ్రోయ, ముఖమున రంగులు పూసికొని యావేశముతో నాడుదురు. వారి పాటలకుఁ "బాడ్దన"ము లని పేరు. వీనిని బాసెలు మిషనువారు 1886లో మంగళూరున నచ్చు వేసిరి. బర్నెల్ దొర సేకరించినవి ఇండియన్ ఆంటిక్వెరీలో వెలువడెను. భూతపు వేషమును జూచి, తరువాత బణ్ణదవేషమును జూచినవానికి రెండును నొక్క మనోవ్యాపారమునఁ బుట్టినవని తోఁపక మానదు. కాఁబట్టి వేషము, వాద్యము, రంగవిధానము తెలుఁగు దేశమునుండి వచ్చిన వనుట పొసఁగదు.

ఇచ్చట నొక చిన్న మాటను బరిశీలింపవలయును. మనలో "భాగవతులు" అనఁగా నాడువా రందఱును: కూచిపూడి భాగవతులు, వీధిభాగవతులు అని వాడుక. తుళునాఁట భాగవతుఁ డొక్కఁడే. వాఁడు పాడువాఁడు, ఆడువాఁడు పాడఁడు. భామాకలాపమున సత్యభామ తన దరువు తానే పాడును. అక్కడ రావణుఁడైనను, రాముఁడైనను పాటను భాగవతునికి విడిచి, నృత్యమును మాటను దనకుంచుకొనును. ఈ విభాగమే రెండు యక్షగానములకును గల ముఖ్యభేదము.

భాగవతుఁడు పద్యమును బాడును. వేషధారి దానికి నాడును. పాట ముగిసినంతనే యాతఁడు నోరు తెఱచి దానిని వచనమున విస్తరించును. దీనికి "అర్థ" మని పేరు. ప్రసంగగ్రంథమున నర్థ మొక్క వాక్యమైనను లేదు. గ్రంథమును జదివినవాఁడు పాటలనే చూచును. ఆట చూచినవాఁడు రాత్రిలో సగము మాటలనే వినును. ఆ మాటలు ముందుగా వ్రాసినవి గావు, వల్లించినవి గావు. నేఁ డే కథ, ఎవ రే వేషము, పద్యముల వరుస యేది యనుట మాత్రమే ముందు నిర్ణయము. ఎదుటివాఁ డేమి యడుగునో వేషధారికిఁ దెలియదు. వాదము పెరిఁగిపోయినచోఁ దెగఁగొట్టువాఁడు భాగవతుఁడు. ఆతఁడు తరువాతి పద్యము నెత్తుకొన్నచో నెంతటి వాగ్మియైనను మాట చాలింపవలసినదే.

వాలివధను దీసికొందము. పార్తి సుబ్బని ప్రసంగములలో నిది పేరుగన్నది. నేలఁ బడిన వాలి రాముని నిలువఁదీసి యడుగును: చాటున నుండి కొట్టుట యే ధర్మము? నీకు నాకును వైర మెక్కడిది? వాల్మీకిలో నీ ప్రశ్నలును సమాధానములును గలవు; పద్యమునను గలవు. కాని యాటలో రాముని వేషము వేసినవాఁడు తనకుఁ దోఁచిన ధర్మశాస్త్రముతో బదులు చెప్పవలయును. ఆ బదులులో నెఱ్ఱ గలిగినచో వాలి పట్టుకొనును. ఒక రాత్రి రాముఁడు నెగ్గును. ఇంకొక రాత్రి చూపరులు వాలివైపునకు మొగ్గి, రాముఁడు బాణముతో గెలిచినను మాటతో నోడె నని తెల్లవాఱి చెప్పుకొందురు. శేణి గోపాలకృష్ణ భట్టు (1918–2006) వంటి యర్థధారుల కీర్తి యంతయు నిట్టి వాదములమీఁదనే నిలిచినది. మన యవధానసభలలోఁ బృచ్ఛకుఁ డెదుట నిలిచినపుడు సభ యూపిరి బిగఁబట్టుట యెఱిఁగినవారికి దీని రుచి సులభముగాఁ దెలియును. అయితే యిచ్చటఁ బృచ్ఛకుఁడును నవధానియు నిద్దఱును గిరీటములు ధరించి యుందురు.

ఇంతకంటె నాశ్చర్య మేమనఁగా, ఆ మాటలు తుళువు గావు. ఇంటఁ దల్లితోఁ దుళువు మాటాడు రైతు రంగమెక్కి, వ్యాకరణశుద్ధమగు గ్రాంథికకన్నడమున గడియకొలఁది మాటాడును. అందింగ్లీషుమాట దొర్లుట తప్పుగా నెన్నఁబడును. బడి ముఖము సరిగాఁ జూడనివారును భారతరామాయణములను, కన్నడభాషను నీ యాట వలననే నేర్చిరి. ఒక భాషవారు తమ నాటకమునంతయు వేఱొక భాషలో, నదియు నాశువుగా నడపుట సామాన్య విషయము గాదు.

తుళువునకుఁ గావ్యశక్తి లేక యట్లు జరిగెనా? లేదు. పదునేడవ శతాబ్దిలో విష్ణుతుంగుఁడు తుళువున శ్రీభాగవతమును రచించెను; పాడ్దనముల సంపద చెప్పనక్కఱలేదు. గుడిశాసనములును, రాజకార్యములును, పురాణపఠనమును గన్నడమున నుండుటచేతఁ బురాణపురుషులు కన్నడము మాటాడిరి. భూతము లూరివి, అవి తుళువు మాటాడును. కోలలో నావేశమున వెలువడు నుడి తుళువు, ఆటలో రాముని నుడి కన్నడము. వినువారికి రెండును దెలియును. ఏది యెక్కడఁ జెల్లునో యంతకంటె బాగుగాఁ దెలియును. 1887లోనే బాయారు సంకయ్య భాగవతుఁడు పంచవటీకథను దుళువుఁబాటలఁ జేసి ప్రకటించెను. కాని మేళములు తుళువున నాడుట ప్రబలినది యిరువదవ శతాబ్ది నడుమనుండియే. అప్పుడును వారు రామాయణమును బట్టలేదు. పాడ్దనములలోని కోటి చెన్నయల వంటి వీరులకథలను బట్టిరి. టిక్కెట్టు పెట్టి గుడారములో నాడు మేళముల కవి సిరులు దెచ్చెను. కిరీటపు మర్యాద చెడెనని పూర్వమార్గాభిమాను లాక్షేపించిరి. ఆక్షేపణలో నిజము కొంత కలదు. అయినను దన తల్లిభాషలోఁ దన వీరునిఁ జూడఁగోరిన తుళువును దప్పుపట్టుటకు మాకు మనసొప్పదు.

పార్తి సుబ్బని కాలమును, కర్తృత్వమును గూర్చి ముళియ తిమ్మప్పయ్య గారు 1945లో నొక గ్రంథమునే వ్రాసిరి. కారంతు గారు తమ "యక్షగాన బయలాట"లో నా రామాయణప్రసంగములు వేఱొక సుబ్బనివని పూర్వపక్షము చేసిరి. ఈ చర్చలలోఁ బ్రవేశింపము. మనకుఁ గావలసిన దొక్కటి: ఇరువురును గ్రంథకర్త నెవరని వెదకిరే కాని, యాట నెవరు పుట్టించిరని గ్రంథముతో నిర్ణయింపఁబోలేదు. మనవారు చేసిన పొరపా టచ్చటనే యున్నది. యస్. వి. జోగారావు గారి "ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర" యెంతటి పరిశ్రమకు ఫలమో చదువరు లెఱుఁగుదురు. దాని పేరే చెప్పుచున్నట్లు, మన పరిశోధనమునకు లభించినది వాఙ్మయము. రుద్రకవి సుగ్రీవవిజయమును గందుకూరి జనార్దనస్వామి కంకితము చేసెను. అందును వాలివధయే కథ. ఆ గ్రంథమును నాఁ డేరీతిఁ బాడిరో, యాడిరో, నడుమ నేమి మాటాడిరో గ్రంథము చెప్పదు. తంజావూరి నాయకుల కాలమునకు వచనములు గూడ వ్రాఁతకెక్కెను గనుక నా నాటకములలో మాట స్థిరపడెను. సుగ్రీవవిజయమునఁ బాటయే ప్రధానము.

పాటలు మాత్రమే వ్రాసియుంచి, మాటను నటుని బుద్ధికి విడిచిన నాటకము రాత్రియంతయు నెట్లు నడచునో తుళునాఁట నేఁటికిని గన్నులారఁ జూడవచ్చును. దీనిచేత సుగ్రీవవిజయమును నట్లే యాడిరని సిద్ధాంతము చేయరాదు. కాని యా గ్రంథము చిన్నదనియు, సంభాషణ చాలదనియు, నాటకత్వము తక్కువ యనియుఁ జెప్పుచు వచ్చిన విమర్శ పునర్విచారమున కర్హమైనది. పుస్తకము చిన్నదైనంత మాత్రమున నాట చిన్నది గానక్కఱలేదు. పేరును, పాటల మట్టును మనకు వారికి నొక్కటిగా నున్నవి గనుకను, వారి యాట మన శాఖ గాదు గనుకను, దానిని జ్ఞాతివలెఁ బిలిచి సాక్ష్య మడుగుటకు మన కధికారము గలదు. స్వామ్య మడుగుటకు లేదు.

పత్తనాజె నాఁడు వేషధారులు గజ్జెలు విప్పుదురు. ఆ పిదప వానకాలము. పొలములు నీటితో నిండును. మేళము లిండ్లకు మఱలును. ఆట లేదు గాని యర్థము మాత్రము మానదు. గుడిమండపమునఁ గాని, పెద్దయింటి చావడిలోఁ గాని భాగవతుఁడును మద్దెలకాఁడును నొకవైపునను, అర్థధారు లెదురెదురుగాను గూర్చుందురు. రంగు లేదు, కిరీటము లేదు, నృత్యము లేదు. మామూలు ధోవతి, భుజముపైఁ గండువ. దీనికే తాళమద్దెల యని పేరు. కురుగోడు శాసనమున 1556లోఁ గానవచ్చు పేరు నిదియే. బయట వాన కురియుచుండఁగా భాగవతుఁడు వాలి పద్యమును బాడి నిలుపును. అర్థధారి గొంతు సవరించుకొని, రాముని మొదటి ప్రశ్న యడుగును.